హనుమకొండలో అద్దె ఇల్లు: బ్రోకర్ చివర్లో చెప్పే ఖర్చుల్లో ఏది ఇవ్వాలి, ఏది అక్కర్లేదు

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇది. మంచిర్యాల నుంచి బదిలీ మీద వస్తున్నారు. సుబేదారి వైపు నెలకు 12,000 అద్దెకు డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు నచ్చింది. బ్రోకర్ మొదట ఒక నెల అద్దె కమీషన్ అన్నాడు. మీరు 2,000 టోకెన్ చేతిలో పెట్టాక అగ్రిమెంటుకు 3,000, వెరిఫికేషన్‌కు 1,500, పైగా 11 నెలలకోసారి రెన్యువల్ పేరుతో సగం నెల అద్దె అంటున్నాడు. ఇవన్నీ ఇచ్చి తీరాలా అని మీ ప్రశ్న.

అక్కర్లేదు. ముందు ఒప్పుకున్న ఒక నెల కమీషన్ ఇవ్వండి. అగ్రిమెంటుకు నిజంగా అయిన ఖర్చు ఎంతో అంత, అదీ ఓనరుతో చెరిసగం. వెరిఫికేషన్, రెన్యువల్ పేరిట పైసా ఇవ్వకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేనూ కరీంనగర్ నుంచి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి బాలసముద్రంలో అద్దెకు దిగినవాడినే. ఇప్పుడు సొంత ఇంట్లో పై పోర్షన్ అద్దెకు ఇస్తున్నాను కాబట్టి ఈ వ్యవహారాన్ని ఇటు నుంచీ అటు నుంచీ చూశాను. అప్పట్లో మా బ్రోకర్ కూడా తాళంచెవి ఇచ్చే రోజున చిన్న చీటీ తీశాడు. నీలి ఇంకుతో పైన కమీషన్, దాని కింద ‘డాక్యుమెంటేషన్ 2,500’, ఇంకా కింద ‘సర్వీస్ చార్జీ’ అని అంకె లేకుండా ఒక గీత. అంకె ఎందుకు వేయలేదని అడిగితే "మీ ఇష్టం సార్, తోచింది ఇవ్వండి" అన్నాడు. ‘తోచింది’ అన్నప్పుడే జాగ్రత్తపడాలి. మొహమాటానికి మనం ఇచ్చేది ఆయన అడగగలిగిన దానికంటే ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

అగ్రిమెంటు తెచ్చి చూపించమన్నాను. వంద రూపాయల స్టాంపు కాగితం, దాని వెంట మామూలు కాగితాలు రెండు. స్టాంపు కాగితం మీద వెండరు వేసిన ముద్ర ఉంటుంది. వరుస సంఖ్య, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, ఎవరి కోసం కొన్నారో ఆ పేరు అందులో రాస్తారు. మా కాగితం మీద కొన్నది బ్రోకరే, ధర వందే. లోపలి షరతులు చూస్తే ఎవరిదో పాత అగ్రిమెంటులో పేర్లు మార్చి ముద్రించినవి. ఒకచోట మునుపటి కిరాయిదారు ఇంటిపేరు అలాగే మిగిలిపోయింది. దాని మీద వేలు పెట్టి "2,500 దీనికేనా?" అని అడిగాను. ఖర్చు అప్పటికప్పుడు 600కు దిగింది. అందులో సగం ఓనరు ఇచ్చారు. నేను గొంతు పెంచింది లేదు, చట్టం మాట ఎత్తింది లేదు. ఖర్చు దేనికైందో చూపించమన్నాను, అంతే.

ఓనరు గారితో తీరిగ్గా కూర్చుని మాట్లాడితే ఇంకో సంగతి బయటపడింది. కిరాయిదారును తెచ్చినందుకు ఆయన దగ్గరా బ్రోకర్ సగం నెల అద్దె పుచ్చుకున్నాడు. పెళ్లిళ్ల పేరయ్య ఇరువైపులా తాంబూలం అందుకోవడం లాంటిదే, అందులో తప్పేమీ లేదు. కానీ "ఓనరు ఒక్క రూపాయి ఇవ్వడు సార్, నా బతుకంతా మీ కమీషన్ మీదే" అని మనకు చెప్పడం మాత్రం తప్పు. అందుకే మీరు ఓనరును నేరుగా కలిసి, "మీరెంత ఇస్తున్నారండీ?" అని మామూలుగా అడగండి. మన ఊళ్లలో ఇలాంటి ప్రశ్నకు ఎవరూ నొచ్చుకోరు.

చట్టం సంగతి అడిగారు కాబట్టి చెబుతున్నాను. అద్దె ఇళ్ల బ్రోకర్ ఇంతే తీసుకోవాలని రేటు కట్టిన చట్టం మనకు లేదు. చాలామంది రెరా (స్థిరాస్తి వ్యాపార నియంత్రణ చట్టం) పేరు చెబుతారు గానీ, 2016 నాటి ఆ చట్టంలో ఏజెంట్ అంటే ప్లాట్లు, ఫ్లాట్ల అమ్మకాలు కుదిర్చేవాడే. అద్దె బేరాలు దాని పరిధిలోకి రావు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలల అద్దెకు మించి డిపాజిట్ వద్దంటుంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుంచి ఏజెంట్లు ఇల్లు చూపించినందుకు, కాగితాలు రాసినందుకు కిరాయిదారు దగ్గర ఫీజు తీసుకోవడమే నిషేధం. ఏజెంటును పెట్టుకున్నది ఓనరు కాబట్టి ఖర్చూ ఓనరే భరించాలని అక్కడి లెక్క. మన దగ్గర ఆ రోజు వచ్చేదాకా మాటే ఆధారం. నోటి మాటగా కుదిరిన ఒప్పందమూ ఒప్పందమే. ఒక నెల అన్నాడు, మీరు సరే అన్నారు. ఆ తర్వాత ఆయనొక్కడే చేర్చిన ఖర్చులకు మీరు కట్టుబడాల్సిన పని లేదు.

రెన్యువల్ విషయంలో మీ బ్రోకర్ మిమ్మల్ని కొంచెం భయపెట్టినట్టున్నాడు. అగ్రిమెంటు 11 నెలలకే ఎందుకు రాస్తారంటే, ఏడాది దాటిన లీజును తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూల పాఠం చెబుతుంది. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి ఈ 11 నెలల ఆనవాయితీ మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో మన దగ్గర ఏడాది లోపు లీజుకూ రిజిస్ట్రేషన్ కావాలి గానీ, ఆనవాయితీ మాత్రం అలాగే ఉంది. గడువు నిండగానే మీరు పరాయివాళ్లు అయిపోరు. మీరు ఇంట్లో ఉండి, ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం అది నెలవారీ అద్దెగా కొనసాగుతుంది. వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, ఖాళీ చేయాలన్నా చేయించాలన్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. కొత్త కాగితం రాసుకుంటే మంచిదే. అది మీకూ ఓనరుకూ మధ్య వ్యవహారం, అందులో బ్రోకర్‌కు పనేమీ ఉండదు.

ఇక వెరిఫికేషన్. నా విషయంలో అది నా ఆధార్ కార్డునూ ఆఫీసు గుర్తింపు కార్డునూ ఫోనులో ఫొటో తీసి ఓనరుకు పంపడంతో పూర్తయింది. దానికి 1,500 అంటే నవ్వొస్తుంది. మీరే పంపండి.

ఇంతా చెప్పి బ్రోకర్లందరూ మోసగాళ్లే అనను. కొత్త ఊరు, సెలవు దొరకదు, పిల్లల బడి మొదలవుతుంది. అలాంటప్పుడు నికరంగా పనిచేసే బ్రోకర్‌కు ఒక నెల ఇవ్వడం దండగ కాదు. కానీ ఆ డబ్బుకు ఆయన కొన్ని సంగతులు చెప్పాలి. 2020 ఆగస్టులోనూ 2023 జూలైలోనూ నయీంనగర్ నాలా చుట్టుపక్కలా, హంటర్ రోడ్డు వైపూ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. ఈ వీధిలోకి ఎంతవరకు వచ్చాయో బ్రోకర్‌కు తెలియకుండా ఉండదు. అడిగితే గానీ చెప్పడు. కరెంటు మీటరు పోర్షన్‌కు విడిగా ఉందా, ఒకే మీటరు మీద సబ్‌మీటరు పెట్టి ఓనరే యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తారా అన్నదీ ముందే అడగాలి. ఒకే మీటరైతే అందరి వాడకమూ కలిసి యూనిట్ రేటు ఎక్కువగా ఉండే పై స్లాబులోకి వెళ్తుంది, బిల్లు చూసి గొడవలు మొదలవుతాయి.

మా పై పోర్షన్‌కు నేను బ్రోకర్‌ను పెట్టుకోను. గేటుకు టు-లెట్ బోర్డు కట్టి, వీధి చివర ఇస్త్రీ బండి ఆయనకు చెబుతాను. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆయనకు మా అందరికంటే ముందే తెలుస్తుంది. మీకు ఒక ఆదివారం తీరిక ఉంటే విద్యారణ్యపురి, కుమార్‌పల్లి సందుల్లో పొద్దున్నే నడవండి. కిరాణా కొట్లోనూ పాల కేంద్రం దగ్గరా అడగండి. ఆషాఢంలో వెతికితే ఇంకా మేలు. శూన్యమాసమని ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఓనర్లూ బ్రోకర్లూ మెత్తబడి ఉంటారు. మాట ఆషాఢంలో ఖాయం చేసుకుని, శ్రావణం రాగానే పాలు పొంగించుకోవచ్చు.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది ఇది. ఓనరు నంబరు సంపాదించి, మీరిచ్చిన 2,000 ఆయనకు చేరిందో లేదో కనుక్కోండి. చేరి ఉంటే డిపాజిట్‌లో, చేరకపోతే కమీషన్‌లో తగ్గించుకోవాలి. ఇక మీదట డిపాజిట్, అద్దె అన్నీ ఓనరు ఖాతాకే పంపండి. బ్రోకర్‌కు వాట్సాప్‌లో ఇలా రాయండి: "మనం అనుకున్న కమీషన్ 12,000. తాళంచెవి ఇచ్చిన రోజు ఇస్తాను, రసీదు కావాలి. అగ్రిమెంటు ఖర్చు బిల్లు చూపిస్తే సగం ఇస్తాను. వేరే ఏమీ ఒప్పుకోలేదు." కాదు కూడదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 5 లక్షల లోపు వ్యవహారానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఈ నాలుగైదు వేలకు అంతదూరం వెళ్లాల్సిన అవసరం రాదనే నా నమ్మకం. మాట రాతలో కనిపించగానే చాలామంది బ్రోకర్లు సర్దుకుంటారు. ఒకవేళ "అయితే ఇల్లు వేరేవాళ్లకు ఇస్తాను" అని బెదిరిస్తే, ఆ ముక్క ఓనరు నోట వినేదాకా నమ్మకండి.