నెల్లూరు నుంచి ఢిల్లీకి రైల్లో డిటెక్టర్ తీసుకోని పోతే కాస్మిక్ కిరణాల తేడా తెలుస్తుందా?

తమ్ముడూ, నువ్వు అడిగింది రెండు ముక్కలు. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ దాకా మ్యూయాన్లు (కాస్మిక్ కిరణాలు పైన గాలికి తగిలి పుట్టే కణాలు) లెక్కబెట్టుకుంటా పోతే అక్షాంశం తేడా దొరుకుద్దా, ఇంట్లోనే పెట్టుకుంటే సూర్యుడి తుఫానులు కనబడతాయా అని. నేను కావలిలో డిగ్రీ పిలకాయలకి ఫిజిక్స్ చెప్తా, మా ల్యాబ్‌లో ఇట్టాంటిది ఒకటి నడస్తా ఉండాది, దాన్నిబట్టి చెప్తన్నా.

రైలు ఆలోచన వదిలెయ్. 1927లో క్లే అనే డచ్చాయన జావాకీ యూరప్‌కీ మధ్య ఓడలో పోతా కొలిచి, భూమధ్యరేఖ దగ్గర కిరణాలు తగ్గుతున్నాయని కనిపెట్టాడు, 1932లో కాంప్టన్ ప్రపంచమంతా కొలిపించి ఖాయం చేశాడు. అంత దూరం పోబట్టే తేడా తేలింది. మన దక్షిణాదిలో భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు 17 జీవీ (గిగావోల్ట్) కంటే తక్కువ రిజిడిటీ, అంటే క్షేత్రంలో వంగకుండా దూసుకొచ్చే సత్తా, ఉన్న ప్రోటాన్లని నిట్టనిలువునా రానీదు, ఫిన్లాండ్‌లోని ఊలులో ఆ హద్దు 0.8 జీవీనే. ఢిల్లీకి పోయినా హద్దు పెద్దగా దిగదు, పైగా దారిపొడుగునా ఎత్తు, గాలి పీడనం మారతా ఉంటాయి, ఆ కాస్త తేడా వాటిల్లోనే కొట్టుకపోద్ది.

ఇంక సూర్యుడు. వాడు చురుగ్గా ఉంటే గెలాక్సీ నుంచి వచ్చే కిరణాలు తగ్గుతాయి, పెరగవు. ఈ పదకొండేళ్ల ఎగుడుదిగుడు న్యూట్రాన్ మానిటర్లలో (కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే న్యూట్రాన్లని లెక్కబెట్టే స్టేషన్లు) ధ్రువాల వైపు బాగా తెలుస్తుంది, మన దగ్గర కొద్దిగానే. అయితే అసలు గొడవ గాలి పీడనంతో వస్తది, అది ఎవురూ చెప్పరు. పీడనం ఒక మిల్లీబార్ పెరిగితే మ్యూయాన్ల లెక్క 0.1 నుంచి 0.2 శాతం పడిపోద్ది. మనకేమో ఏటా వాయుగుండాలు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను మన తీరాన్ని పట్టుకోని ఎంతకీ కదల్లా, పీడనం దిగే కొద్దీ మా గ్రాఫ్ ఎక్కతా పోయింది, పిలకాయలు "సార్, సూర్యుడేదో చేశాడు" అని ఒకటే సంబరం, బారోమీటర్ రీడింగ్ పక్కన పెట్టి చూపిస్తే అందరూ గమ్మునైపోయారు.

మా సెటప్ ఏందంటే రెండు ప్లాస్టిక్ సింటిలేటర్ (కణం తగిలితే మినుక్కుమనే) పలకలు ఒకదాని మీద ఒకటి, రెండిట్లో ఒకేసారి తగిలిందే లెక్క. అందుకని కిందున్న చీమకుర్తి గ్రానైట్ నుంచి రేడియేషన్ వస్తదేమో అన్న భయం అక్కర్లా, అట్టాంటి గామా కిరణం రెండిట్లో ఒకేసారి తగిలేది అరుదు. పలకలకి అల్యూమినియం ఫాయిల్ చుట్టి దానిమీద నల్లటేపు వెయ్యి, మూలల్లో ఇంకో చుట్టు, సూది మొన అంత వెలుతురు దూరినా అంకెలు పిచ్చిగా లేస్తాయి. రోహిణి కార్తె ఎండలకి ఆ మినుకుని పట్టే సిలికాన్ సెన్సర్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) కూడా మారద్ది, ఏసీ లేకపోతే ఉష్ణోగ్రత కూడా రాసుకోవాల్సిందే.

ఇంకోటి, పదివేలు లెక్కబెడితే గానీ ఒక శాతం ఖచ్చితత్వం రాదు. సముద్రమట్టంలో చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒక మ్యూయాన్, రెండు పలకల్లోంచీ పోయేవి అంతకన్నా తక్కువే, చిన్న పలక పెట్టి గంటలో సూర్యుడి తుఫాను పట్టాలంటే అయ్యే పని కాదు. ఊటీలో కాస్మిక్ కిరణాల ప్రయోగం గ్రేప్స్-3 వాళ్లకి అంత పెద్ద మ్యూయాన్ టెలిస్కోపు ఉండేది అందుకే.

కాబట్టి జీటీ టికెట్ డబ్బులతో వీలైనంత పెద్ద పలకలు, ఒక ప్రెషర్ సెన్సర్, కరెంటు పోయినా నడిచేటట్టు చిన్న యూపీఎస్ కొనుక్కో. ఊలు న్యూట్రాన్ మానిటర్ లెక్కలు నెట్‌లో ఫ్రీగానే ఉంటాయి, ముందు 2024 మే 10, 11 తేదీలవి దించుకోని చూడు, ఫోర్‌బుష్ తగ్గుదల, అంటే సూర్యుడి తుఫాను వచ్చినప్పుడు కాస్మిక్ కిరణాలు ఒక్కసారిగా పడిపోవడం, ఎట్టా ఉంటదో తెలుస్తుంది. ఆ తర్వాత నీ గ్రాఫ్‌లో పీడనం సరిచేసి పక్కన పెట్టుకో.