హంప్ మీద నుంచి వదిలిన వ్యాగన్‌ను ఎవరు ఆపుతారు?

గూడ్స్ యార్డులో ఒక వ్యాగన్ ఇంజన్ లేకుండా ఒంటరిగా దొర్లుకుంటూ పోవడం చూశానని, దానికి దారి ఎవరు చూపిస్తారో, ఎవరు ఆపుతారో తెలియలేదని అడిగారు. నేను పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి, షంటింగ్ (యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ నడిపి విడదీయడం, కలపడం) మాస్టర్‌గా పదవీ విరమణ చేశాను. ఉద్యోగమంతా యార్డుల్లోనే గడిచింది. దారి చూపించడం తేలికే. ఆపడమే అసలు పని.

ముందు దారి సంగతి. పెద్ద యార్డుల్లో ఒకచోట పట్టాలను చిన్న గుట్టలా ఎత్తు చేస్తారు. దాన్నే హంప్ అంటాం. వచ్చిన బండి నుంచి ఇంజన్‌ను విడదీశాక ట్రైన్స్ క్లర్కు రేకు (ఒకదానికొకటి తగిలించి ఉన్న వ్యాగన్ల వరుస) పొడవునా నడిచి ప్రతి వ్యాగన్ నంబరూ రాసుకునేవాడు. ఏ వ్యాగన్ ఏ ఊరికి పోవాలో చూసి, అది వెళ్లాల్సిన లైను నంబరును దాని మీద సుద్దతో వేసేవారు. బ్రేకులు పట్టేసి ఉంటే వ్యాగన్ దొర్లదు కాబట్టి వాటిని ముందే వదులు చేయాలి. ఆ తర్వాత షంటింగ్ ఇంజన్ వెనుక నుంచి మనిషి నడిచే వేగంతో రేకును నెడుతుంది. గుట్ట కొనకు రాగానే వ్యాగన్ విడిపోయి వాలులోకి జారుతుంది. కింద క్యాబిన్‌లో ఉన్నవాళ్లు పాయింట్లు (ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు) మారుస్తూ ఒకదాన్ని మూడో లైనుకు, మరొకదాన్ని ఏడో లైనుకు పంపుతారు.

చిక్కంతా అక్కడి నుంచే మొదలవుతుంది. ఖాళీ వ్యాగన్ సగం దారిలోనే నీరసించి ఆగిపోతుంది. బొగ్గు నిండిన వ్యాగన్ వాలు దిగాక కూడా జోరు తగ్గించదు. ఖాళీ వెనుకే నిండుది వస్తే, మధ్యలో పాయింటు మార్చే వ్యవధి కూడా ఉండదు. పాత నాలుగు చక్రాల వ్యాగన్ల ఇరుసు పెట్టెల్లో నూనె ఉండేది. చలికాలం తెల్లవారుజామున ఆ నూనె చిక్కబడితే, పగలు చక్కగా పరుగెత్తిన వ్యాగనే మొరాయించేది. రోలర్ బేరింగులు వచ్చాక అన్నీ తేలిగ్గా దొర్లసాగాయి. మేం మా లెక్కలన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ఆపే పనికి మా చేతిలో ఉండేది స్కిడ్. చెప్పు ఆకారంలో బరువైన ఇనుప ముక్క, దానికి ఒక పిడి. వ్యాగన్ దగ్గర పడుతుండగా దాన్ని పట్టా మీద పెట్టి పక్కకు తప్పుకోవాలి. చక్రం దాని నాలుక మీదికి ఎక్కగానే తిరగడం మాని, స్కిడ్‌ను ఈడ్చుకుంటూ పోతుంది. చెవులు చిల్లులు పడే కీచు చప్పుడు, నిప్పురవ్వలు, కాలిన ఇనుము వాసన. ముందు నిలిచి ఉన్న వ్యాగన్లకు మెల్లగా ఆనుకునేలా ఆపితే పనితనం తెలిసినట్టు. మరీ ముందుగా ఆపితే మధ్యలో ఖాళీ మిగులుతుంది, వెనుకవాటికి చోటు చాలదు. పట్టాల అతుకు దగ్గర పెడితే స్కిడ్ ఎగిరిపడవచ్చు. ఇవేవీ పుస్తకం చదివితే చేతికి రావు.

చేరిన మూడో ఏట, సన్నని జల్లు పడుతున్న ఒక రాత్రి, నేను పొడి పట్టా లెక్కన స్కిడ్ పెట్టాను. చక్రం ఎక్కింది కానీ వ్యాగన్ ఆగలేదు. తడి పట్టా మీద జారుతూ పోయి ముందున్న వ్యాగన్లను గుద్దింది. అంతకు క్షణం ముందే, అక్కడ రెండు వ్యాగన్ల బఫర్ల (తాకిడిని తట్టుకునే దిమ్మెల) మధ్య వంగి, వ్యాగన్లను కలిపే కప్లింగ్ బిగిస్తున్న కుర్రవాడిని మా పైవాడైన జమేదారు చొక్కా పట్టి బయటికి లాగాడు. నన్ను తిట్టలేదు. "తడి పట్టా మీద ఇంకా ఎగువనే పెట్టాలి అబ్బాయీ" అని మాత్రం అన్నాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు మనుమలను ఎత్తుకుంటున్నాడు. ఆ జమేదారును తలచుకోని వానాకాలం నాకు లేదు.

యంత్రాలున్న యార్డుల్లో స్కిడ్ పనిని రిటార్డర్లు చేస్తాయి. పట్టా పక్కనుండే ఇనుప దవడలు చక్రాన్ని రెండు వైపులా నొక్కి వేగం తగ్గిస్తాయి. అమెరికాలో నెబ్రాస్కాలోని బెయిలీ యార్డు, జర్మనీలో హాంబర్గ్ దగ్గరి మాషెన్ యార్డు ఇప్పటికీ హంపుల మీదే నడుస్తున్నాయి. ఎంత నొక్కాలో అక్కడ కంప్యూటర్ లెక్క కడుతుంది.

మన దగ్గర హంపులు చాలావరకు మూతపడ్డాయి. ఒకప్పుడు ఒక వ్యాగన్ మిర్చి, రెండు వ్యాగన్ల బియ్యం అని విడివిడిగా బుక్ చేసేవారు. ఆ రోజుల్లో యార్డు లేనిదే సరుకు కదిలేది కాదు. 1980ల నుంచి మొత్తం రేకును ఒకేచోట నింపి ఒకేచోట దించే పద్ధతి బలపడింది. 58 బాక్సెన్ (పైకప్పు లేని పెట్టెలాంటి) వ్యాగన్ల బొగ్గు రేకు గనుల దగ్గర నిండితే తిన్నగా విద్యుత్ కేంద్రానికే పోతుంది, మధ్యలో విడదీసే పనే లేదు. సరుకు త్వరగా చేరుతుందన్నది నిజమే, దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ యార్డు, లోకో షెడ్డు మీద బతికిన బిట్రగుంట లాంటి ఊరి మీదుగా బండి పోతుంటే కిటికీలోంచి చూడటం నాకు కష్టంగా ఉంటుంది.

కాబట్టి మీరు చూసింది బహుశా లూజ్ షంటింగ్ అయి ఉంటుంది. చదును యార్డులో ఇంజన్ ఒక తోపు ఇచ్చి ఆగుతుంది, కప్లింగ్ విప్పిన వ్యాగన్ ముందుకు సాగిపోతుంది. షంటింగ్ వేగం గంటకు 15 కిలోమీటర్లు మించకూడదు. మందుగుండు, పెట్రోలు వంటివి ఉంటే 8 కిలోమీటర్లే, వాటిని అలా వదిలేయనూ కూడదు. రాత్రిపూట డ్రైవరుకు మా మాట వినపడదు, చేతిలో దీపమే మా మాట. పచ్చదీపాన్ని పైకీ కిందికీ ఆడిస్తే నా నుంచి దూరంగా వెళ్లమని, అడ్డంగా ఊపితే నా వైపు రమ్మని, తలపైకి ఎత్తి మణికట్టు తిప్పితే కలపడానికి మెల్లగా రమ్మని. ఎరుపు కనిపిస్తే ఉన్నచోటే ఆగాలి.

మీరు యార్డు పక్కనే ఉంటున్నానని రాశారు కాబట్టి ఇదొక్కటి అడుగుతాను. దారి దగ్గరవుతుందని నిలిచి ఉన్న వ్యాగన్ల కింద నుంచి దూరి వెళ్లకండి, పిల్లలను వెళ్లనివ్వకండి. అలా వదిలిన వ్యాగన్‌కు దీపం ఉండదు, కూత ఉండదు. వాన చప్పుడులో అది వస్తున్న సంగతి, దాని కోసమే స్కిడ్ పట్టుకుని నిలబడ్డ మాకే ఒక్కోసారి వినిపించేది కాదు.