మేనల్లుడు సీఎంఎస్ రాస్తానంటున్నాడు, రాయనివ్వాలా?

ప్రశ్న: అన్నగారూ నమస్తే. మాది రాజమండ్రి. మా నాన్నగారు మొదలెట్టిన చిన్న సాహిత్య మాసపత్రిక ముప్పై ఏళ్ల నుంచి నడుస్తోంది, ఇప్పుడు నేనూ ఇంకో ఇద్దరూ కలిసి చూస్కుంటున్నాం, ఆ ఇద్దరికీ టైపింగ్ తప్ప కంప్యూటర్ పెద్దగా రాదు. వెబ్‌సైట్ పెట్టాలి, పాత సంచికలు కూడా అందులో ఉండాలి. వర్డ్‌ప్రెస్ అనే తయారు సాఫ్ట్‌వేర్ అయితే వారంలో అయిపోద్ది అని ఒకాయన అంటున్నాడు. మా మేనల్లుడు జాంగో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) నేర్చుకున్నాడు, సీఎంఎస్ (సైట్‌లో రచనలు ఎక్కించి దిద్దుకునే సాఫ్ట్‌వేర్) మొత్తం నేనే మొదట్నుంచి రాస్తా మావయ్యా అని పట్టుబట్టాడు. వాగ్‌టెయిల్ అని ఇంకోటి ఉందంట. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం "ఇద్దరికీ టైపింగ్ తప్ప పెద్దగా రాదు" అన్న ముక్కలోనే ఉందండీ. సర్వర్ గురించి, స్పీడు గురించి అందరూ అడుగుతారు, రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చునే మనిషి గురించి మాత్రం ఎవరూ రాయరు, మీరు రాశారు. ఆ ఇద్దరికీ ఏది సుళువుగా ఉంటుందో అదే మీ సీఎంఎస్.

నేను ఒకప్పుడు ఒక చిన్న వారపత్రికకి జాంగోలో సొంతంగా రాసిచ్చాను. జాంగోలో మోడల్ (ఏ సమాచారం ఎలా దాచాలో చెప్పే కోడ్) రాస్తే చాలు అడ్మిన్ ఫారాలు (ఆ సమాచారం ఎక్కించే పేజీలు) వాటంతటవే వచ్చేస్తాయి కదా, పదిహేను రోజుల్లో సైట్ లేచింది, అందరూ సంతోషించారు. అక్కడి నుంచి మొదలైంది. డ్రాఫ్ట్ కావాలన్నారు, పెట్టాను. పబ్లిష్ చేసేముందు పేజీ ఎలా కనిపిస్తుందో చూడాలన్నారు, దానికి వారం పట్టింది. ఫోన్‌లో తీసిన ఫోటోలు సైట్‌లో అడ్డంగా పడుకునేవి, వర్డ్ నుంచి అతికిస్తే ఒక పేరా ఒక సైజు ఇంకో పేరా ఇంకో సైజు. ఇవన్నీ ఎలాగో సర్దుకున్నాం. ఒకరోజు మాత్రం ప్రూఫ్ చూసే మేడమ్ గారూ సబ్ ఎడిటర్ గారూ ఒకే కథ ఒకేసారి తెరిచి ఉంచారు, ఆవిడ రెండు గంటలు కూర్చుని అక్షరం అక్షరం దిద్ది సేవ్ కొట్టారు, ఆ తర్వాత ఆయన తన స్క్రీన్ మీద శీర్షికలో ఒక్క అక్షరం మార్చి సేవ్ కొట్టారు, అంతే, ఆవిడ దిద్దినవన్నీ పోయాయి. మామూలు జాంగో అడ్మిన్‌లో ఎవరు చివర సేవ్ చేస్తే వాళ్లదే నిలుస్తుంది, పాత ప్రతి దాచదు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మళ్లీ మొదటి పేరా నుంచి దిద్దడం మొదలెట్టారు. అందుకే ఇప్పుడు ఎవరైనా మొదట్నుంచి రాస్తా అంటే నేను గట్టిగా వద్దంటాను.

జాంగోని తప్పు పట్టట్లేదండోయ్. అది పుట్టిందే పత్రికాఫీసులో, అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో లారెన్స్ అనే ఊళ్లో ఒక దినపత్రిక వెబ్ టీమ్ 2003లో రాసుకోవడం మొదలెట్టి 2005 జులైలో అందరికీ విడుదల చేసింది. విలేకర్లు తమంతట తామే సమాచారం ఎక్కించుకోవడానికి అడ్మిన్ ఉపయోగపడింది, గంటల్లో కొత్త పేజీ లేపాల్సిన అవసరం లోంచి వచ్చింది కాబట్టే అంత చురుగ్గా ఉంటుంది. కానీ వ్యాసం రాయడం, దిద్దడం, బొమ్మ పెట్టడం, పాత ప్రతికి వెనక్కెళ్లడం, ఇవి అడ్మిన్ ఫారంతో తీరేవి కావు, అదో పెద్ద పని, దాన్ని ఏళ్ల తరబడి చేసి పెట్టినవాళ్లు ఉన్నారు.

వాగ్‌టెయిల్ అంటే అదే. ఇంగ్లండ్‌లో టార్చ్‌బాక్స్ అనే కంపెనీ లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ వెబ్‌సైట్ కోసం జాంగో మీద కట్టి 2014లో ఉచితంగా బయటపెట్టింది. రివిజన్లు (పాత ప్రతులు) ఉంటాయి, ఇంకొకరు మార్చకుండా పేజీకి తాళం వెయ్యొచ్చు, ప్రివ్యూ ఉంది, ఫలానా రోజు ఫలానా టైమ్‌కి పబ్లిష్ అవ్వాలని ముందే పెట్టుకోవచ్చు. మీ ఇద్దరికీ కావాల్సినవి ఇవే. ఇది డబ్బా తెరవగానే తయారుగా ఉండే వెబ్‌సైట్ కాదని వాళ్ల డాక్యుమెంటేషన్‌లో వాళ్లే చెప్పుకున్నారు, అంటే టెంప్లేట్లు (పేజీ ఎలా కనపడాలో చెప్పేవి), పేజీ రకాలు మీరే రాసుకోవాలి. మీ మేనల్లుడి పని అక్కడుంది. సంచిక, రచయిత, రచన, ధారావాహిక, ఈ నాలుగింటి మోడల్స్ బాగా ఆలోచించి రాయమనండి. ఒకే రచయిత రెండు కలం పేర్లతో రాసి ఉంటారు, పాఠకుడు ఏ పేరు నొక్కినా ఆ మనిషి రచనలన్నీ రావాలి. ధారావాహిక మూడో భాగం చదివినవాళ్లకి నాలుగో భాగం ఏ సంచికలో ఉందో కింద కనపడాలి. ఇది మీ పత్రికకి మాత్రమే సంబంధించిన తెలివి, ఇంకెవరూ రాసిపెట్టరు. వర్డ్‌ప్రెస్‌లోనూ చెయ్యొచ్చు, కాకపోతే అదనపు వివరాలన్నీ మెటా టేబుల్ అనే ఒకే పట్టికలోకి పోతాయి, ఇలాంటి లింకులు పెరిగేకొద్దీ ప్లగిన్ (అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్ ముక్క) మీద ప్లగిన్ వేస్తూ పోవాలి.

ఇప్పుడు తెలుగు సంగతి, ఇది ఎవరూ ముందుగా చెప్పరు, నేను దెబ్బలు తిని తెలుసుకున్నాను. శీర్షిక నుంచి తయారయ్యే లింకు ముక్కని స్లగ్ అంటారు. జాంగోలో దాన్ని తయారుచేసే స్లగిఫై ఫంక్షన్‌కి తెలుగు శీర్షిక ఇస్తే ఏమీ మిగలదు, ఖాళీ వస్తుంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ పనికొచ్చే కోడ్) అనుమతించమని ఆప్షన్ పెడితే ఇంకా ఘోరం, పైథాన్ మన గుణింతాల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు కాబట్టి వాటిని పీకేస్తుంది, "గోదావరి" ఇస్తే "గదవర" అని వస్తుంది. మొదటిసారి అది చూసినప్పుడు నాకు నిజంగా కడుపు మండింది. వర్డ్‌ప్రెస్‌లో వేరే తిప్పలు, అక్కడ తెలుగు స్లగ్ శాతం గుర్తుల కోడ్‌గా మారి నిల్వ అవుతుంది, అక్షరమైనా గుణింతం గుర్తైనా ఒక్కో దానికి 9 అక్షరాల చోటు పడుతుంది, ఉన్న జాగా 200, అంటే 22 గుర్తులు దాటగానే మిగతాది తెగిపోతుంది. "గోదావరి" అన్న ఒక్క మాటకే 7 గుర్తులు అయిపోతాయి, లెక్కేసుకోండి. కాబట్టి మీరు ఏది ఎంచుకున్నా లింకుని ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో టైప్ చెయ్యడం మీ ఇద్దరికీ అలవాటు చెయ్యండి, ఒకసారి పెట్టాక మార్చొద్దు, మార్చక తప్పకపోతే పాత లింకు నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టమనండి.

ఇంకోటి, హోమ్ పేజీలో కథ మొదటి నాలుగు లైన్లు చూపించేటప్పుడు అక్షరాల లెక్కతో కత్తిరించొద్దు, "రాష్ట్రం" మధ్యలో తెగి "రాష్" దగ్గర ఆగిపోద్ది, మాటల లెక్కతో కత్తిరించే ఫిల్టర్ వాడమనండి. లైన్ల మధ్య ఎడం కూడా ఇంగ్లీషుకి ఉన్నదానికంటే ఎక్కువ పెట్టాలి, లేకపోతే పై లైన్ వత్తులు కింద లైన్ గుడుల మీద పడతాయి. వెతుకులాట దగ్గర పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఇంగ్లీషుకి ఉన్నట్టు తెలుగుకి విభక్తులు విడదీసే ఏర్పాటు దానంతట రాదు, "రాజమండ్రి" అని వెతికితే "రాజమండ్రిలో" అని ఉన్న కథ రాకపోవచ్చు. మాట మొదటి భాగం కలిస్తే చూపించేలా పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

పాత సంచికల గురించి. మీ డీటీపీ ఫైళ్లు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఉండి ఉంటాయి, అది యూనికోడ్ కాదు, ఉన్నదున్నట్టు కాపీ చేసి పేస్ట్ చేస్తే ఇంగ్లీషు గుర్తుల చెత్త కనిపిస్తుంది. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ వత్తుల దగ్గర పొరపాట్లు వస్తాయి, ప్రతి రచనా ఒక మనిషి చదివి తీరాలి. ముప్పై ఏళ్లంటే 360 సంచికలు, సైట్ కట్టడం కంటే ఇదే మీకు పెద్ద ఖర్చు, పెద్ద శ్రమ. అన్నీ ఒక్కసారి ఎక్కించాలని కూర్చోకండి, ఫైల్ లేని పాత సంచికలు స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టి, విషయసూచిక ఒక్కటి యూనికోడ్‌లో టైప్ చేయిస్తే చాలు, ఎవరి కథ ఎక్కడుందో దొరుకుతుంది. ఆ విషయసూచిక వెబ్‌సైట్ కంటే ముందే మొదలెట్టండి, సాఫ్ట్‌వేర్ ఏదైనా అది పనికొస్తుంది.

ఖర్చు మాటకొస్తే వర్డ్‌ప్రెస్ మామూలు షేర్డ్ హోస్టింగ్‌లో (ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది) నడిచిపోద్ది, వాగ్‌టెయిల్‌కి చిన్న వీపీఎస్ (మీకంటూ విడిగా ఇచ్చే సర్వర్ భాగం) అయినా తీసుకోవాలి, దాన్ని చూస్కునే మనిషి ఉండాలి. మేనల్లుడికి రేపు బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, రావాలి కూడా, అప్పుడెవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. ఎక్కువ కాలం సపోర్ట్ ఉండే వెర్షన్ మీదే కట్టమనండి, 2025 ఏప్రిల్‌లో వచ్చిన జాంగో 5.2 అలాంటిదే, దానికి 2028 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, ఆపైన పైమెట్టు ఎక్కక తప్పదు. డేటాబేస్‌తో పాటు బొమ్మల ఫోల్డర్ కూడా రోజూ వేరేచోట దాచేలా చూడండి. ఏడాదికి రెండుసార్లయినా అప్‌డేట్లు చూసేవాళ్లు దొరకరు అనిపిస్తే మాత్రం వాగ్‌టెయిల్ వదిలేసి వర్డ్‌ప్రెస్‌కి వెళ్లిపోండి, అందులోనూ రివిజన్లున్నాయి, ఒకరు దిద్దుతుంటే రెండోవాళ్లకి చెప్తుంది. దొరుకుతారు అంటే వాగ్‌టెయిల్, నా ఓటు దానికే.

ప్రశ్న: అన్నా, నేను వరంగల్‌ల బీటెక్ చదువుతున్న. లారావెల్ అనే ఫ్రేమ్‌వర్క్‌తోని సొంతంగా సీఎంఎస్ కడ్తున్న, మా ఫ్రెండ్స్ అందరు అది టైమ్ వేస్ట్, వర్డ్‌ప్రెస్ ఉండంగ ఎందుకు అంటున్నరు. ఆపెయ్యాల్నా?

జవాబు: ఆపకమ్మా. పైన రాజమండ్రి ఆయనకి వద్దన్నది నీకు వర్తించదు, ఆయనకి పత్రిక నడవాలి, నీకు పని రావాలి. లాగిన్, పాత్రల వారీగా అనుమతులు, ఫైల్ అప్‌లోడ్, డ్రాఫ్ట్ నుంచి పబ్లిష్ దాకా నడక, ఇవన్నీ ఒకే ప్రాజెక్ట్‌లో దొరకడం అరుదు. కాకపోతే ఒక్కటి చెయ్, ఇద్దరు ఒకే పేజీ తెరిచి సేవ్ చేస్తే రెండోవాళ్లకి "ఈలోపు వేరేవాళ్లు మార్చారు" అని చెప్పేలా రాయి, పేజీ చివరిసారి మారిన టైమ్ ఫారంలో పెట్టి సేవ్ దగ్గర పోల్చితే సరిపోద్ది. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ అయితే క్యారెక్టర్ సెట్ (అక్షరాలు దాచే పద్ధతి) యూటీఎఫ్8 ఎంబీ4 ఉందో లేదో చూస్కో. పాత యూటీఎఫ్8లో ఒక్కో గుర్తుకి 3 బైట్లే దక్కుతాయి, తెలుగు అందులో పడుతుంది, ఎమోజీకి 4 కావాలి, పడదు, తెలుగుతో టెస్ట్ చేసి అంతా బాగుందనుకుంటావ్, ఎవరో కామెంట్‌లో నవ్వు బొమ్మ పెట్టగానే ఎర్రర్ వస్తుంది.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటామండి. మా తెలుగు సంఘం సైట్‌కి రెండేళ్లకోసారి కమిటీ మారినప్పుడల్లా కొత్త వాలంటీర్ వచ్చి మొత్తం మళ్లీ కట్టిస్తున్నారు. ఈసారి ఏ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిస్తే నిలబడుతుంది?

జవాబు: వర్డ్‌ప్రెస్ పెట్టేసి ఊరుకోండి, ప్లగిన్లు అయిదారు మించనివ్వకండి. కార్యక్రమాల వివరాలు, ఫోటోలు, సభ్యత్వం ఫారం, ఇంతకుమించి మీకు అక్కర్లేదు, కొత్త వాలంటీర్‌కి అది తెలిసే ఉంటుంది. మీ సైట్ నిలబడకపోవడానికి అసలు కారణం డొమైన్ ఒకరి సొంత మెయిల్ మీద, హోస్టింగ్ ఇంకొకరి కార్డ్ మీద ఉండటం అయ్యుంటుంది, సంఘం పేరు మీద ఒక మెయిల్ తెరిచి రెండూ దాని మీదికి ఈ కమిటీ ఉండగానే మార్పించండి.