మిగిలిన డబ్బుకు ఒక పని అప్పగించండి

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మావారు టీచరు, పాపకు ఏడేళ్లు. తక్కువ వస్తువులతో బతకాలని రెండేళ్ల క్రితం నిర్ణయించుకుని కారు, ఏసీ ఆలోచనలు విరమించుకున్నాం. హోటళ్లు, పండగ బట్టలు, ఆదివారం చేపలు కూడా మానేశాం. నెలకు సుమారు 6,000 రూపాయలు మిగులుతున్నాయి కాని, ఇల్లంతా ఉపవాస దీక్షలో ఉన్నట్టుంది. అత్తగారు, శ్రీకాకుళంలోని బంధువులు మమ్మల్ని పిసినారులంటున్నారు. ఇలాగే కొనసాగించమంటారా?

జవాబు: కొనసాగించండి, అయితే ఇదే పద్ధతిలో వద్దు. మానుకున్నవన్నీ వివరంగా రాశారు గాని, మిగిలిన డబ్బు ఏమవుతోందో ఒక్క ముక్కా రాయలేదు. బహుశా సేవింగ్స్ ఖాతాలో ఊరికే పడి ఉండవచ్చు. ఫలానా దానికని చెప్పుకోలేని పొదుపు ఎంత పెరిగినా ఇంట్లోవాళ్లకు అది తమ నోటి దగ్గర నుంచి తీసిన ముద్దలాగే కనిపిస్తుంది.

పైగా మీరు అన్నిటినీ ఒకే గాటన కట్టారు. బడికీ బజారుకీ నడిచో సైకిలు మీదో వెళ్లగల ఊళ్లో ఉంటున్నవారికి వాయిదాలు, పెట్రోలు, సర్వీసింగు లేకపోవడం అచ్చమైన సుఖం. ఆదివారం చేపల సంగతి అలాంటిది కాదు. మార్కెట్లో మొప్పలెత్తి చూసి, బేరమాడి తెచ్చిన చేపను అత్తగారు చింతపండు పులుసు పెడితే అందరూ కలిసి తినడానికి అయ్యే రెండు మూడు వందలు మీ బడ్జెట్‌నూ ముంచవు, భూమినీ ముంచవు. ఆవిడ మిమ్మల్ని పిసినారులనడానికి కారణం కొనని కారు కాదనీ, ఆగిపోయిన ఆ పులుసేననీ నా అనుమానం. దాన్ని ఈ ఆదివారమే మళ్లీ మొదలుపెట్టండి. మిగతా వాటిలో దేని లోటు ఎవరికి తెలుస్తోందో ఇంట్లో ఒక్కొక్కరినీ అడిగి, ఎవరికీ తెలియని వాటిని మాత్రమే శాశ్వతంగా వదిలేయండి. పండగకు కొత్త బట్టలే కావాలని లేదు, మీ పాత పట్టుచీరను పాపకు పరికిణీగా కుట్టిస్తే అంచు ఎక్కడికి రావాలో దర్జీకి తనే చెబుతుంది.

ఏసీ లేకపోయినా గాలి విషయంలో ఇబ్బంది పడకండి. పాత ఫ్యాన్ పాడైనప్పుడు తక్కువ కరెంటుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్ వేయించుకోండి. మామూలు ఫ్యాన్ సుమారు 75 వాట్లు తీసుకునే చోట ఇది 30 వాట్లతో తిరుగుతుంది కనుక, రోజుకు 15 గంటల వాడకంలో నెలకు దాదాపు 20 యూనిట్లు మిగులుతాయి.

ఇక నెలనెలా మిగిలే 6,000 సంగతి. పాపకు పదేళ్లు నిండలేదు కాబట్టి పోస్టాఫీసులో ఆడపిల్లల పొదుపు పథకమైన సుకన్య సమృద్ధి ఖాతా తెరిచి, ప్రతి నెలా 5వ తేదీలోగా 4,000 వేయండి. ఈ వడ్డీని ప్రభుత్వం మూడు నెలలకొకసారి ప్రకటిస్తుంది. 2024 జనవరి నుంచి అమలైన 8.2 శాతమే కొనసాగుతుందనుకుంటే, ఆమెకు 18 ఏళ్లు వచ్చేసరికి మీరు కట్టిన 5.28 లక్షలు 8 లక్షలు దాటుతాయి. అందులో సగం వరకు పైచదువుకు తీసుకోవచ్చు. ఆ పాసుబుక్కును పాప చేతికిచ్చి చూపించండి, అత్తగారికి కూడా.

మరో 1,000 పూర్తిగా సరదాకే కేటాయించి, ఎలా ఖర్చు చేయాలో ఒక్కో నెల ఒక్కొక్కరు నిర్ణయించేలా చూడండి. ఒక నెల గండాహతి జలపాతానికి, ఇంకో నెల బస్సులో అరసవల్లికి వెళ్లవచ్చు, లేదా హోటల్లో దోసె తినవచ్చు. ఈ వెయ్యిని కూడా మిగల్చాలని చూడవద్దు, మీ ఇంటి వరస చూస్తే ఆ ప్రమాదం ఉందనిపిస్తోంది. బంధువులకు సంజాయిషీ చెప్పనవసరం లేదు, వారు వచ్చినప్పుడు చేపల పులుసుతో భోజనం పెట్టండి.

చివరి 1,000 ఆరోగ్య బీమా ప్రీమియం కోసం పక్కన పెట్టండి. పొదుపు పేరుతో తగ్గించకూడని ఖర్చు ఇదొక్కటే. మీ వైపు వారు పెద్ద జబ్బు చేస్తే శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్తారు గనుక, పాలసీ తీసుకునే ముందు అక్కడి ఆసుపత్రుల్లో నగదు రహిత చికిత్స (బిల్లును బీమా కంపెనీయే నేరుగా కట్టే ఏర్పాటు) ఉందో లేదో జాబితా తెప్పించుకుని చూడండి. ఈ రెండేళ్లలో పోగైన మొత్తంలో ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, అత్యవసరానికి తప్ప కదపకండి.