ఐర్లాండ్ గాయని నోరీన్ నీ రీయిన్ ఎవరు? ఆవిడ పాటలు ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలి?

ఐరిష్ భాషలో మరియమ్మ ఏడుపు పాట ఒకటి విన్నానని, అది పాడినావిడ గురించి తెలుగులో ఎక్కడా దొరకలేదని అడిగారు. నేను ఉద్యోగరీత్యా ఐర్లాండ్‌లోని లిమరిక్‌లో ఉంటున్నాను. ఆవిడది ఈ కౌంటీయే (మన జిల్లా లాంటిది) కాబట్టి కొంత చెప్పగలను.

నోరీన్ 1951లో కాహర్‌కాన్‌లిష్ అనే పల్లెలో పుట్టారు. ఇంగ్లీషులో రయాన్ అనే ఇంటిపేరునే ఐరిష్‌లో ఆడవాళ్లకి నీ రీయిన్ అంటారు. లిమరిక్, టిప్పరరీ వైపు ఏ వీధిలో చూసినా రయాన్‌లే. కార్క్ నగరంలోని యూనివర్సిటీ కాలేజీలో సంగీతం చదివారు. అప్పటి పరిస్థితి తెలిస్తే ఆవిడ చేసిన పని విలువ అర్థమవుతుంది. 1962 నుంచి 65 వరకు జరిగిన కాథలిక్ చర్చి పెద్దల సభ, రెండో వాటికన్ మహాసభ తర్వాత, చర్చి పూజలో లాటిన్‌తో పాటు ఎవరి భాష వాళ్లు వాడుకోవచ్చన్నారు. మరి ఐరిష్‌లో ఏం పాడాలి? అదే కార్క్‌లో పాఠాలు చెప్పే షాన్ ఓ రీయడ అనే స్వరకర్త ఐరిష్ భాషలో పూజాగీతాలు కట్టారు. నోరీన్ మాత్రం పాత పాటల వైపు వెళ్లారు. చర్చిలో కాకుండా ఇళ్లలో, పొయ్యి దగ్గర కూర్చుని అమ్మమ్మలు పాడుకున్న భక్తి పాటలవి. వాటి మీదే పరిశోధన చేశారు, వాటినే పాడారు.

మీరు విన్నది బహుశా 'ముగ్గురు మేరీల శోకం' అయ్యుంటుంది. ఐర్లాండ్ పడమటి తీరంలోని కన్నెమారా వైపు గుడ్ ఫ్రైడే రోజుల్లో ఇళ్లలో ఆడవాళ్లు పాడేవారు. యేసు తల్లి మేరీ ఆయన శిష్యుడు పేతురుని అడుగుతుంది, నా బిడ్డని చూశావా అని. ఇందాకే చూశాను, శత్రువుల మధ్యలో ఉన్నాడంటాడు. తర్వాత సిలువ మీద ఉన్న మనిషిని చూసి అతనెవరని అడుగుతుంది. అమ్మా, కన్నకొడుకుని గుర్తుపట్టలేదా అని జవాబు వస్తుంది. ప్రతి చరణం చివరా 'ఓహోన్' అనే ఏడుపు. మన పల్లెల్లో చావింటి దగ్గర ఆడవాళ్లు రాగాలు తీసి ఏడుస్తారు చూడండి, అచ్చం ఆ పద్ధతి. ఐర్లాండ్‌లో శవం దగ్గర అలా పాడే ఆడవాళ్లు ప్రత్యేకంగా ఉండేవారు, డబ్బిచ్చి పిలిచేవారు. మతాధికారులకి అది నచ్చక ఎంతో కాలం అణచివేశారు. ఆ పద్ధతి చచ్చిపోయినా, దాని గొంతు ఈ భక్తి పాటల్లో మిగిలింది.

1980 ప్రాంతంలో నోరీన్ ఈ రకం పాటలని గ్లెన్‌స్టాల్ మఠంలోని సన్యాసులతో కలిసి రికార్డు చేశారు. ఆ ఆల్బమ్ పేరు 'క్వీన్యా నా మైజినె', అంటే కన్య మరియ శోకం. ఆవిడని నిలబెట్టింది అదే అని నా అభిప్రాయం. ఒక పక్క పల్లెటూరి ఆడవాళ్ల పాట, ఇంకో పక్క మగ సన్యాసుల లాటిన్ పఠనం. రెండిట్లోనూ హార్మనీ (ఒకేసారి వేర్వేరు స్వరాలు కలిపి పాడటం) ఉండదు, తాళం మాటల నడకని బట్టి పోతుంది. అందుకే అతుకు కనపడదు. గ్లెన్‌స్టాల్ మా ఊరికి దగ్గర్లో ముర్రో అనే చోట ఉంది. బెనెడిక్ట్ అనే సాధువు రాసిన నియమావళిని పాటించే సన్యాసుల (బెనెడిక్టైన్) మఠం, 1927లో ఒక పాత కోటలో పెట్టారు. సాయంత్రం ప్రార్థనకి ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. నేను హిందువుని, ఎవరూ ఏమీ అడగలేదు.

ఆవిడని ప్రత్యక్షంగా ఒక చిన్న కార్యక్రమంలో విన్నాను. నాకు మతి పోయింది పాటకి కాదు, చేతిలో ఉన్న వస్తువుకి. శ్రుతి పెట్టె! ఎలక్ట్రానిక్‌ది కూడా కాదు, తిత్తితో ఆడించేది, మా సంగీతం మాస్టారి ఇంట్లో ఉన్న రకమే. షాన్‌నోస్ అనే ఇక్కడి పాత గానపద్ధతిలో పక్కవాయిద్యం ఉండదు, ఒంటి గొంతే. కాబట్టి ఇది సంప్రదాయం కాదు, ఆవిడ తెచ్చుకున్నది. ఐరిష్ పాటలో శ్రుతి పెట్టెకి ఓ చిన్న చోటు దొరికిందంటే అందులో ఆవిడ చెయ్యి ఉంది. కింద శ్రుతి నిలిచి ఉంటే గొంతులో తిప్పే గమకాల్లాంటివి స్పష్టంగా వినిపిస్తాయి. అలాగని రాగం ఏమిటా అని వెతకొద్దు, దొరకదు, టెన్షన్ తప్ప.

తర్వాత ఆవిడ క్రైస్తవ దైవశాస్త్రం వైపు కూడా వెళ్లారు. 2003లో లిమరిక్‌లోని మేరీ ఇమ్మాక్యులేట్ కాలేజీ నుంచి డాక్టరేట్ తీసుకున్నారు. దేవుణ్ణి చూడటం గురించి అందరూ రాస్తారు, ఆవిడ వినడం గురించి రాశారు. బైబిల్లో 'ఇశ్రాయేలూ వినుము' అని ఉంటుంది కదా, బెనెడిక్ట్ నియమావళి మొదటి మాట కూడా 'విను' అనే. ఆవిడ ఆత్మకథ పేరు అందులోంచే వచ్చింది. 2017లో సర్వమత పురోహితురాలిగా దీక్ష తీసుకున్నారు. కాథలిక్ చర్చి ఆడవాళ్లకి ఆ పదవి ఇవ్వదు, అది వేరే చర్చ.

కుటుంబం సంగతి: ఆవిడ పెళ్లాడిన మీహాల్ ఓ సూలవాన్ స్వరకర్త, పియానో వాద్యకారుడు, లిమరిక్ యూనివర్సిటీలో సంగీత, నృత్య విభాగాన్ని కట్టినాయన. 2018లో పోయారు. కొడుకులు ఓవెన్, మోలీ ఇద్దరూ గాయకులే, అమ్మతో కలిసి ముగ్గురి బృందంగా పాడతారు.

ఇక వినడానికి. 'క్వీన్యా నా మైజినె'తో మొదలుపెట్టండి, తర్వాత అదే సన్యాసులతో చేసిన 'వోక్స్ దె నూబె'. 12వ శతాబ్దపు జర్మన్ సన్యాసిని హిల్డెగార్డ్ కట్టిన పాటలు ఆవిడ గొంతులో దొరికితే వదలొద్దు. 1996 నాటి 'కెల్టిక్ సోల్' మీద చాలామందికి ప్రేమ, నాకు మాత్రం అంతగా ఎక్కలేదు. వాయిద్యాలు ఎక్కువై గొంతు వెనక్కి వెళ్లిపోయింది. ధ్యానానికి, నిద్రకి అని ఎవరో కలిపిన ప్లేలిస్టుల్లో మాత్రం వెతక్కండి, అక్కడ ఆవిడ పాట ఏది, పక్కనున్న వర్షం చప్పుడు ఏది అన్నది తెలియదు.