ముందు ఆ కుర్రాడి పని చూపించు

తమ్ముడికి,

అమెరికా ఆవిష్కర్త ఆలివర్ ఎవాన్స్ పిండిమర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సమాచారం బాగా పోగుచేశావు. కానీ మొదటి పేరాలోనే ఆయన్ని మహామేధావి అనేశావు. ఏం చేశాడో చూడకుండా పాఠకుడు ఎలా ఒప్పుకుంటాడు?

ముందు ఆయనకన్నా పాత మరలోకి తీసుకెళ్లు. నీటిచక్రం రాళ్లను తిప్పేది. మిగతా మోసే పనంతా చాలావరకు మనుషులదే. గోధుమ బస్తాలు మెట్లెక్కించాలి. రాళ్ల నుంచి రాలిన పిండిని మళ్లీ పై అంతస్తుకు చేర్చాలి. అక్కడ ఒక కుర్రాడు దాన్ని నేలమీద పరిచి, పళ్లున్న కర్రతో కెలుకుతూ చల్లార్చేవాడు. ఎందుకో మనవాళ్లకు విడమర్చక్కర్లేదు. మర పట్టించి తెచ్చిన వేడి పిండిని వెంటనే డబ్బాలో పోసి మూత పెట్టకూడదని ఇంట్లో అందరికీ తెలుసు. అక్కడా అంతే, చెమ్మ పిండి జల్లెడ గుడ్డకు అంటుకునేది, పీపాల్లో చెడిపోయేది.

ఇప్పుడు 1780ల్లో డెలావేర్‌లో, రెడ్ క్లే వాగు ఒడ్డున ఎవాన్స్ కట్టిన మర చూపించు. తోలుపట్టీకి కట్టిన చిన్న డబ్బాలు గింజల్నీ పిండినీ పైకి తోడతాయి. తొట్టిలో తిరిగే పొడవాటి స్క్రూ పిండిని పక్కకు నెడుతుంది. పైన పళ్లున్న పొడవాటి చెయ్యి నెమ్మదిగా తిరుగుతూ, పిండిని చల్లార్చి జల్లెడ వైపు లాగుతుంది. అన్నిటినీ తిప్పేది ఆ నీళ్లే. ఆ తిరిగే చెయ్యికి 'హాపర్ బాయ్' అని పేరు. ఆ కుర్రాడి పని పేరే యంత్రానికి వచ్చింది! నువ్వు దీన్ని ఒక్క వాక్యంలో దాటేసి, 1790 పేటెంటుకు మాత్రం రెండు పేజీలు ఇచ్చావు. నాకు బాధేసింది.

ఇంకొకటి. 1813లో అమెరికా మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన ఉత్తరాన్ని వదిలేశావు. డబ్బాల వరస కొత్తది కాదు, నీళ్లు తోడే పర్షియన్ చక్రంలో ఉన్నదే అని ఆయన వాదన. అది పెడితే ఎవాన్స్ చిన్నబోతాడని భయపడ్డావేమో. పెట్టు. విడి భాగాలు పాతవే కావచ్చు. వాటిని కలిపి, దించిన గింజ పిండయ్యేదాకా బస్తా మోసే పని లేకుండా చేశాడు చూడు, నా దృష్టిలో గొప్పతనం అక్కడుంది. డెలావేర్‌లోనే బ్రాండీవైన్ వాగు మీది మరల యజమానులు మొదట్లో నమ్మలేదు. మేరీల్యాండ్‌లో ఎలికాట్ కుటుంబం ముందే అందిపుచ్చుకుంది. 1791లో అప్పటి అధ్యక్షుడు వాషింగ్టన్ తన మౌంట్ వెర్నన్ మరలో పెట్టించుకున్నాడు. వీటికి రెండు మూడు వాక్యాలు చాలు.

నేను రైస్‌మిల్లు మీద రాసేముందు రెండు రోజులు హమాలీల పక్కనే కూర్చున్నాను. నీకు ఆ అవకాశం లేదు, కాబట్టి ఎవాన్స్ 1795 పుస్తకంలోని బొమ్మలు ముందు పెట్టుకుని, ఒక గింజ వెంట వేలు పెట్టి నడిపించు. ఎక్కడ మలుపు అర్థం కాకపోతే అక్కడ ఆగు, టెన్షన్ పడకు. ఈసారి బస్తా మెట్లెక్కే దగ్గర మొదలుపెట్టి రాసి పంపు.

మీ అన్నయ్య