పాత లద్దాఖ్ మ్యాపు తూర్పుకు ఎందుకు జరిగింది?

ప్రశ్న: 19వ శతాబ్దపు లద్దాఖ్ సర్వే షీటు (అంగుళానికి 4 మైళ్లు) స్కాన్ చేసి, దాని మీది అక్షాంశ రేఖాంశాలతోనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో శాటిలైట్ చిత్రం మీద పరిచాను. లేహ్ చుట్టుపక్కలంతా దాదాపు 4 కి.మీ. తూర్పుకు జరిగింది. కొన్ని కనుమల ఎత్తుల్లోనూ 40, 50 మీటర్ల తేడా ఉంది. సర్వేలోనే తప్పుందా?

జవాబు: జరుగుడుకు కారణం లద్దాఖ్‌లో లేదు, మద్రాసులో ఉంది. అప్పట్లో భారత సర్వే రేఖాంశాలు మద్రాసు అబ్జర్వేటరీని ఆధారం చేసుకుని కట్టినవి. దాని రేఖాంశం 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లనుకున్నారు. తర్వాత టెలిగ్రాఫుతో సమయాలు పోల్చి చూస్తే అది ఎక్కువని తేలింది. సర్వే రేఖాంశాలకు దిద్దుబాటు 2 నిమిషాల 27 సెకన్లు. లేహ్ దగ్గర ఒక్క నిమిషం రేఖాంశమంటే 1.53 కి.మీ., అంటే మొత్తం 3.7 కి.మీ. పైమాటే. షీటు అంచున మద్రాసు ప్రస్తావన ఉందేమో చూడండి. ఉంటే ప్రతి రేఖాంశంలోంచి అంత తీసేసి మళ్లీ పరచండి.

అప్పుడు శిఖరాలు చాలావరకు సరిపోతాయి, లోయలు మాత్రం అక్కడక్కడా సరిపోవు. ఇలాంటి షీట్లు గీసిన ప్లేన్ టేబుల్ (కాగితం పరిచి అక్కడికక్కడే మ్యాపు గీసే బల్ల) పనే అలాంటిది. సర్వేయరు గుట్ట ఎక్కి బల్లను మట్టం చేసి, ముందే స్థానం తేలిన మూడు శిఖరాలకు సైట్ రూల్ (గురి చూసే స్కేలు) గురిపెట్టి గీతలు గీస్తాడు. మూడూ ఒకే చుక్కలో కలిస్తే తానున్న చోటు దొరికినట్టే. మధ్యలో చిన్న త్రికోణం మిగిలిందంటే బల్ల దిశ తప్పింది, సరిచేసి మళ్లీ గీయాలి. శిఖరం నాలుగు వైపుల నుంచీ కనిపిస్తుంది కాబట్టి గీతలు ఖండించుకుని గట్టిగా కుదురుతుంది. ఇరుకు లోయ అడుగు గుట్ట మీంచి కనబడదు, అక్కడి వాగు మలుపులు కంటి అంచనాతో వేసినవే. పైగా ఈ స్కేలులో పావు మిల్లీమీటరు పెన్సిల్ గీతే నేల మీద 63 మీటర్లు!

కంట్రోల్ పాయింట్లుగా (మ్యాపులోనూ శాటిలైట్ చిత్రంలోనూ ఒకటేనని గుర్తుపట్టి జతచేసే చోట్లు) ఠిక్సే, స్పితుక్ గోంపాల (బౌద్ధ మఠాల) గుట్టలు, నిమ్మూ దగ్గర సింధు–జంస్కార్ సంగమం, షీటు మీద త్రికోణం గుర్తు వేసిన శిఖరాలు తీసుకోండి. హిమానీనదాల కొసలు, ఇసుకలో తిరిగే నదీపాయలు వద్దు, అవి చోటు మారేవి. కనీసం 6 పాయింట్లు పెట్టి మొదట పాలినోమియల్ 1 (షీటు మొత్తాన్ని ఒకేలా జరిపి, తిప్పి, సాగదీసే పద్ధతి) వాడండి. షీటును రబ్బరులా ఎక్కడికక్కడ సాగదీసే థిన్ ప్లేట్ స్ప్లైన్‌తో మొదలుపెడితే ప్రతి పాయింటూ బలవంతంగా కుదిరిపోయి, తప్పు పాయింటు బయటపడదు.

ఇక ఎత్తులు. కనుమల ఎత్తు చాలాసార్లు నీళ్లు మరిగే వేడిని బట్టి కట్టేవారు. సుమారు 300 మీటర్లు ఎక్కితే మరిగే వేడి 1 డిగ్రీ సెల్సియస్ తగ్గుతుంది. థర్మామీటరు 0.1 డిగ్రీ తప్పినా 30 మీటర్లు పోయినట్టే, ఆ రోజు గాలి పీడనం మారితే అదీ కలుస్తుంది. శిఖరాల ఎత్తు థియోడలైట్ (కోణాలు కొలిచే దూరదర్శిని పరికరం) కోణాలతో కట్టినది. కే2కి అలా కట్టిన 28,250 అడుగులు నేటి 8,611 మీటర్లకు దాదాపు సమానం. అందుకే కనుమల్లో కనిపించిన తేడాను శిఖరాల అంకెలకు కలపకండి.